వండిన చెయ్యి

ఆండాళ్ గారి చూపుడువేలు ఫోను తెర మీదికి దిగబోయి, వెంట్రుకవాసి ఎత్తులో ఆగిపోయింది.

రాజశ్రీ ఆ వేలినే చూస్తూ కూర్చుంది. ఆమె ఉద్యోగమే అది. మొహాలతో ఆమెకు పని లేదు, వేళ్ళతోనే పని. ఏ వేలు ఎక్కడ తడుముకుందో, ఎక్కడ జారిందో, ఎక్కడ విసుగెత్తి వెనక్కి తిరిగిందో చూసుకుని, 'రంధనీ' అనే యాప్‌కి తెరలు గీస్తుంది. ఛత్తీస్‌గఢీలో రంధనీ అంటే వంటిల్లు. ఇళ్ళల్లో ఆడవాళ్ళు వండిన భోజనాన్ని డబ్బాలకెత్తి బిలాస్‌పూర్ ఊరంతా తిప్పే యాప్ అది.

పొద్దుటి నుంచి ఇది మూడో ఇల్లు. మే నెల ఎండ రాజ్‌కిశోర్ నగర్ మేడల మీద నిప్పులు చెరుగుతోంది. మొదటి ఇంట్లో కరెంటు లేదు. రెండో ఇంటాయన యాప్ సంగతి పక్కన పెట్టి, కొడుక్కి ఉద్యోగం ఇప్పించమని చెవినిల్లు కట్టుకుని పోరాడు. ఇక్కడ కూలరైతే ఉంది గాని, దాని హోరులో మాట వినపడక రాజశ్రీ కుర్చీ అంచుకి జరిగింది. టీపాయ్ మీద ఆండాళ్ గారు ఇచ్చిన మజ్జిగ గ్లాసుకి చెమటలు పడుతున్నాయి. ఫోనులో రికార్డింగు నడుస్తోంది. తెర మీద వేలు కదలికలతో పాటు గదిలో మాటలు కూడా దానికెక్కుతాయి. సాయంత్రం ఆఫీసులో మనోజ్ కూర్చుని అన్నీ వింటాడు.

ఈ పరీక్షకి ఒకటే నియమం. వాడేవాళ్ళు మనసులో అనుకున్నది పైకి అనాలి, చూసేవాళ్ళు నోరెత్తకూడదు. నోరెత్తితే పరీక్ష పాడైపోతుంది.

ఆండాళ్ గారు ఈ నియమాన్ని భేషుగ్గా పాటించారు. ఆవిడ భర్త శేషగిరిరావు గారు బొగ్గు కంపెనీ ఆఫీసులో పెద్ద ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆవిడకి మోకాలి ఆపరేషనై రెండు నెలలు. పొయ్యి ముందు నిలబడలేరు. ఫోను చేతికివ్వగానే మొదలుపెట్టారు.

"పనసపొట్టు కూర... హమ్మయ్య, ఇవాళ ఉంది. ఈ ఊళ్ళో పనసకాయ పొట్టు కొట్టి ఆవపెట్టే మనిషి ఉందంటే మా వారు ముందు నమ్మలేదమ్మా. ఈ డబ్బా లేకపోతే మేమిద్దరం ఈపాటికి బ్రెడ్డు తిని బతుకుతుండేవాళ్ళం. అచ్ఛా, ఇదేమిటి కొత్తగా? 'వండిన చెయ్యి'? ఎవరు వండారో చూపిస్తుందా? ఎంత మంచి ఆలోచన! ఆ తల్లికి దణ్ణం పెట్టుకుంటాను."

నొక్కారు. కార్డు తెరుచుకుంది. నల్లటి గుండ్రటి మొహం, ముక్కుకి రెండు వైపులా పుడకలు, ఫోటో కోసం కట్టుకున్న ముదురాకుపచ్చ చీర. కింద హిందీలోనూ తెలుగులోనూ పేరు: అప్పలకొండ. దాని కింద చోటు: నీళ్ళ ట్యాంకు పక్క, పాత సఫాయి లైను.

వేలు ఆగింది అక్కడ.

తరవాత ఆ వేలు నెమ్మదిగా దిగి ఫోటోని పెద్దది చేసింది. చోటు రాసిన వరస మీద కాసేపు నిలబడింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. మొదటి తెర దాకా వచ్చి ఫోనుని బల్ల మీద బోర్లించింది.

"ఇవాళ వద్దులే అమ్మాయ్," అన్నారు ఆండాళ్ గారు. "ఎండకి కడుపులో ఏదోలా ఉంది."

రాజశ్రీ నియమం ప్రకారం నోరెత్తలేదు.

"ఈవిడేనా మాకు ఇన్నాళ్ళూ..." అని ఆవిడ మాట మింగేశారు. కాసేపు కూలరు వంక చూసి, గొంతు మార్చి, "ఇంతకీ మీదెక్కడమ్మా? ఇంటిపేరేమిటి?" అని అడిగారు.

"విజయనగరం వైపండి. ఇప్పుడు దయాల్‌బంద్‌లో ఉంటాం."

"అనుకున్నాను. మాట తీరు చూస్తేనే తెలుస్తుంది మంచి కుటుంబమని. మజ్జిగ తాగు, వేడెక్కిపోతుంది."

రాజశ్రీ మజ్జిగ తాగింది. విజయనగరం ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. తాతగారిని అక్కణ్ణుంచి రైల్లో తీసుకొచ్చి, ఈ ఊరి రైల్వే మరుగుదొడ్లు కడగడానికి పెట్టారు. ఆయనతో పాటు వచ్చిన వాళ్ళందరినీ ఊరికి దూరంగా, ఇంజన్ షెడ్డు వెనక ఒక వరసలో ఉంచారు. పాత సఫాయి లైను అంటే అదే. రాజశ్రీ పుట్టింది అందులోనే. నాన్న సూర్యం షెడ్డులో ఫిట్టరయ్యాక కుటుంబం ఆ లైను దాటి వచ్చింది. అమ్మ చెల్లెలు అప్పలకొండ మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఆ కార్డు గీసింది రాజశ్రీయే. తిండి వెనక మనిషి కనపడాలని ఆఫీసులో వాదించి మరీ రెండు వారాల కిందట పెట్టించింది. పిన్ని పేరు తెలుగులో కూడా ఉండాలని, తనకి తెలుగు అక్షరాలు సరిగా రావు గనక నాన్న చేత కాగితం మీద రాయించి, చూసి దిద్దింది. ఇంటి గుర్తులు రైడర్లు దారి తప్పకుండా రాసుకున్నవే; వాటినే తీసి కార్డు మీద పెట్టింది. ఆ రోజు ఆమెకి ఒకటే ధీమా. మన పేర్లలో ఏముందో ఈ హిందీవాళ్ళకి ఏం తెలుస్తుంది? వాళ్ళకి అప్పలకొండైనా ఆండాళ్ అయినా ఒకటే, మదరాసీ పేర్లు.

ఆ ధీమా నిజమే. హిందీవాళ్ళ డబ్బాలు ఒక్కటీ ఆగలేదు. కానీ పనసపొట్టు కూర కోసం మొహం వాచి ఉన్నది హిందీవాళ్ళు కాదు. ఊరుగాని ఊళ్ళో మనవాళ్ళ వంట దొరికిందని ఎగబడ్డవాళ్ళంతా తెలుగువాళ్ళే. పేరు చదివి, లైను చదివి, మనిషిని తూచగలిగినవాళ్ళు కూడా వాళ్ళే. ఇల్లు విడిచి వెయ్యి కిలోమీటర్లు వచ్చినా ఆ తక్కెడ మాత్రం మరిచిపోకుండా మూటలో కట్టుకొచ్చారు.

*

రంధనీ ఆఫీసు సదర్ బజార్‌లో ఒక బట్టల కొట్టు మీద మేడ. కింద రోజంతా తానులు విప్పుతుంటారు, పైన తెరలు విప్పుతుంటారు. మనోజ్ ఈ యాప్ పెట్టినవాడు. తండ్రి కరెంటు ప్లాంటులో ఇంజనీరు, ఊరు ఖమ్మం. మనోజ్ మాత్రం ఇక్కడే పెరిగి, ఇంట్లో నాలుగు తెలుగు ముక్కలు, బయట హిందీగా బతికినవాడు. చెడ్డవాడు కాదు. జీతాలు ఒకటో తారీఖునే ఇస్తాడు.

"రికార్డింగ్ విన్నాను యార్," అన్నాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీస్తూ. "ఇది టేస్ట్ ప్రాబ్లం కాదు, ట్రస్ట్ ప్రాబ్లం. ఆ లైన్లో మూడు వంటిళ్ళూ పడిపోయాయి. అప్పలకొండదైతే మరీ ఘోరం. రోజుకి ముప్ఫై డబ్బాలు పోయేవి, ఇప్పుడు ఏడో ఎనిమిదో."

"కార్డు తీసేద్దాం మనోజ్."

"పాగల్ హో క్యా? మిగతా వంటిళ్ళలో కార్డు పెట్టాక ఆర్డర్లు ఎలా పెరిగాయో చూడు. నీ ఐడియానే కదా. తియ్యం. ఇంకో మెట్టు ఎక్కిద్దాం." బోర్డు దగ్గరికి వెళ్ళి ఒక గడి గీశాడు. "పైన ఒక బటన్. 'సంప్రదాయ వంటిళ్ళు'. పక్కన దీపం బొమ్మ. నొక్కితే అలాంటి ఇళ్ళే కనపడాలి."

"అలాంటి ఇళ్ళంటే?"

"అర్థం చేసుకో యార్."

"నువ్వు చెప్పు."

"నాకు ఈ కులాలూ గిలాలూ తెలీవు, నమ్మను కూడా. కస్టమర్‌కి ఏది కావాలో అది ఇవ్వడం మన డ్యూటీ. నేను ఎవర్నీ తీసెయ్యడం లేదు కదా." మార్కరు మూత పెట్టి, పెద్ద ఉపకారం చేస్తున్నవాడిలా గొంతు తగ్గించాడు. "చూడు, అప్పలకొండ వంట అద్భుతం. వదులుకోను. పేరు మార్చేద్దాం. 'అన్నపూర్ణ వంటిల్లు, దయాల్‌బంద్'. ఫోటోలో మొహం వద్దు, గాజుల చేతులు చాలు. అప్పుడు ఆవిడని కూడా దీపం కింద పెట్టొచ్చు. ఆవిడకీ లాభమే. గురువారం మళ్ళీ ఆ ఆంటీ దగ్గరే టెస్ట్ చెయ్. ఈసారి డబ్బా తెప్పించి, తినేదాకా రికార్డు చెయ్యి. ఆవిడ పేరు మార్చుకోనంటే మాత్రం వంటిల్లు లిస్టులోంచి తీసెయ్యాల్సిందే. చచ్చిన పేజీలు పెట్టుకుని కూర్చోలేం."

ఆ అప్పలకొండ మా పిన్ని. ఈ నాలుగు ముక్కలూ రాజశ్రీ నాలుక చివరిదాకా వచ్చాయి. మూడేళ్ళ కిందట ఉద్యోగంలో చేరిన రోజున మనోజ్, "తెలుగా? రావ్‌గారి అమ్మాయివా?" అని వేళాకోళమాడితే ఆమె నవ్వి ఊరుకుంది. అబద్ధం చెప్పలేదు, నవ్విందంతే. ఆ నవ్వు పునాది మీద మూడేళ్ళు కాపరం చేసింది. ఇప్పుడు ముప్ఫై ఎనిమిది వేల జీతం, నాన్న కంటి ఆపరేషను, స్కూటీ వాయిదాలు అన్నీ ఆ నవ్వు మీదే నిలబడి ఉన్నాయి. ఆమె బోర్డు మీది గడిని నోటుపుస్తకంలోకి దించుకుంది.

"కొంచెం ఫాస్ట్‌గా, హా?" అన్నాడు మనోజ్, మళ్ళీ ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటూ.

*

లైనులో వీధి కొళాయి దగ్గర బిందెల గొడవ జరుగుతోంది. రాజశ్రీ స్కూటీని నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టింది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా ఆమె హెల్మెట్ గుమ్మం దాకా తియ్యదు. ఎండ అని తనకు తనే చెప్పుకుంటుంది.

అప్పలకొండ వంటింటి గడప లోపల పీట మీద కూర్చుని పనసకాయ కొడుతోంది. రెండు చేతులకీ మోచేతుల దాకా ఆవనూనె. చెక్కదిమ్మ మీద కత్తి ఆగకుండా పడుతోంది, తెల్లటి పొట్టు నువ్వు గింజంత సన్నంగా పోగవుతోంది.

"ఏళ కాని ఏళప్పుడొచ్చినావేటే? డూటీ నేదేటి?"

"ఉంది పిన్నీ. నీతో మాట్లాడాలి."

"మాటాడు. సేతులకే కాళీ నేదు, సెవులు కాళీగానే ఉన్నాయి."

రాజశ్రీ గోడకి చేరగిలబడింది. చెప్పడానికి మాట దొరక్క చుట్టూ చూసింది. సిమెంటు గట్టు అద్దంలా తోమి ఉంది. డబ్బాలు ఎండలో బోర్లించి ఉన్నాయి. ఒకప్పుడు ఈ మనిషి ప్లాట్‌ఫారం చివర బోగీలు కడుగుతూ, కాంట్రాక్టరు కింద తొమ్మిది వేలకి పనిచేసింది. మోకాళ్ళు అరిగాక వాడు పొమ్మన్నాడు. వంట పెట్టుకోమని వెంటపడింది రాజశ్రీయే. 'మనం వొండితే ఎవులు తింటారే' అని అప్పుడు పిన్ని నవ్వింది.

"ఇంత కాయ దేనికి కొన్నావు పిన్నీ? డబ్బాలు తగ్గాయి కదా."

"తగ్గినాయని కాయని సగం అమ్ముతాడేటి బుధవారీ బజార్లో ఆ కాయల సాహు? మిగిలితే లైన్లో పిల్లలు తింటారు." కత్తి ఆగలేదు. "కోల్ కంపెనీ వోళ్ళ డబ్బాలే ఆగినాయి గదా?"

"నీకు తెలుసా?"

"తెల్దేటి మరి. డబ్బా పట్టుకెల్లే కుర్రోడు సెప్పినాడు, 'మౌసీ, తుమ్హారే తెలుగువాలే హీ నహీ లేతే' అని. మన తెలుగోళ్ళే వొద్దంతన్నారంట. నవ్వొచ్చినాది నాకు." నవ్వింది కూడా. ఆ నవ్వులో సరదా లేదని రాజశ్రీకి తెలిసిపోయింది.

పేరు సంగతి చెప్పేసింది, తల వంచుకుని, తొందర తొందరగా, హిందీలో సగం తెలుగులో సగం. అన్నపూర్ణ. దయాల్‌బంద్. మొహం తీసేసి చేతులు. మారకపోతే వంటిల్లు మూసేస్తారు.

కత్తి ఆగింది.

"ఒలమ్మా! యాభై రెండేళ్ళకి నాకు బారసాలేటే?" అంది అప్పలకొండ. "ఉయ్యాల కూడా తెస్తావేటి?"

"పిన్నీ, మజాక్ మత్ కరో."

"మజాక్ కాదే. పెట్టీ. పేరేటి, వొండుకు తింటామా? మీ అమ్మమ్మ పెద్ద ఆఫీసరు బంగళాలో దొడ్డి కడిగినన్నాళ్ళూ దానికసలు పేరే నేదు. 'ఏయ్' అంటే పలికీది. నాను పెరటిగోడ కాడ కూకుని, ఆ ఇంటి అమ్మగారు పొట్టు కొడతంటే సూసీదాన్ని. ఆవ నూరితే వాసన గోడ దాటి వొచ్చీది. ఆ వాసన పట్టుకునే నేర్సుకున్నాను ఈ కూర. ఆళ్ళ కూరే ఆళ్ళకి పెడతన్నాను, పేరు కూడా ఆళ్ళదే పెట్టీ, సరిపోద్ది."

లేచి చేతులు తుడుచుకుంది. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వచ్చింది.

"ఆ బొమ్మ కూడా తీసేత్తారేటి, ఆకుపచ్చ కోకది?"

"తీసేస్తారు."

"అచ్ఛా." తుడుచుకున్న చేతులే మళ్ళీ కొంగుకి తుడుచుకుంది. "పక్కింటి పిల్ల ఫోన్ల రోజూ సూసీదాన్ని. నాకు సదువు రాదు గదా. మీ నాన్న సెప్పినాడు, ముందరున్నది 'అ' అని. ఆ ఒక్క అచ్చరం గుర్తెట్టుకున్నాను. అన్నపూర్ణకీ అదేనేటి?"

"అదే పిన్నీ."

"ఐతే మరేటి. అదొకటి మిగిలింది గదా."

రాజశ్రీకి ఏడుపొచ్చింది. ఏడవడానికి సిగ్గేసి ఫోను తీసింది. పిన్ని గట్టు మీద చేతులు పెట్టింది, ఫోటోకి. పక్కింటి నుంచి ఎరువు తెచ్చిన ఎర్ర గాజులు వేసుకుంది. కుడి మణికట్టు మీద రూపాయి బిళ్ళంత తెల్లటి మచ్చ ఉంది. బోగీల మరుగుదొడ్లలో యాసిడ్ చిందిన మచ్చ. రాజశ్రీ అక్కడే కూర్చుని, తెర మీద వేలితో ఆ మచ్చని రుద్దింది. రెండుసార్లు రుద్దేసరికి పోయింది. చర్మం అంతా ఒకే రంగు అయింది, ఎప్పుడూ ఏ పనీ చెయ్యని చెయ్యిలా ఉంది.

"బాగున్నాదే," అంది అప్పలకొండ తొంగి చూసి. "నా సెయ్యిలా నేదు."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, హెల్మెట్ పెట్టుకుంటున్న రాజశ్రీ వంక అదోలా చూసింది.

"నాను ముసిల్దాన్ని, పేరు మార్సుకుంటాను. నువ్వెన్నాళ్ళే, ఆళ్ళ ఇళ్ళల్లో మజ్జిగ తాగుతా, మీదే ఊరంటే దిక్కులు సూస్తా?"

రాజశ్రీ బండి తీసింది. ఆ మాట వంతెన దాటినా వదల్లేదు.

*

గురువారం ఆండాళ్ గారి వేలు ఎక్కడా ఆగలేదు. ఫోను అందుకోగానే, పరీక్షకని ఈ ఒక్క ఫోనులోనే పెట్టిన దీపం బొమ్మ కనపడింది, నొక్కారు. అన్నపూర్ణ వంటిల్లు కనపడింది, నొక్కారు. కార్డు తెరిచి మురిసిపోయారు.

"ఆ చేతులు చూడమ్మా, ఎంత లక్ష్మీకళ ఉందో! ఇలాంటి ఇల్లు ఉందని ఇన్నాళ్ళూ చెప్పరే?" ఆర్డరు పడింది. ఏ డిజైనరైనా పండగ చేసుకోవలసిన పరీక్ష అది. రాజశ్రీకి మాత్రం కుర్చీలో మేకులున్నట్టుంది. డబ్బా వచ్చేదాకా కూర్చోలేక రెండుసార్లు మంచినీళ్ళకి లేచింది, ఒకసారి బాల్కనీలోకి వెళ్ళి వచ్చింది. 'కైసా చల్ రహా హై?' అని మనోజ్ మెసేజ్ మీద మెసేజ్ పెడుతున్నాడు.

డబ్బా వచ్చింది. మూత తీసేసరికి ఆవ వాసన గదంతా పరుచుకుంది. ఆండాళ్ గారు కర్ర ఊతంతో వెళ్ళి రెండు కంచాలు తెచ్చారు.

"వద్దండి, నేను..."

"వద్దంటే ఊరుకుంటానా? మా వారు బ్యాంకుకెళ్ళారు, వచ్చేసరికి రెండవుతుంది. ఒక్కదాన్నే ఏం తింటాను? మనింటి పిల్లవి, కూర్చో."

వేడన్నం పెట్టి, పక్కన కూర పెట్టి, నెయ్యి కూడా వేశారు. ఆ చెయ్యి ఆప్యాయంగానే పెట్టింది. అందులో నటన లేదు. రాజశ్రీకి అదే భరించరానిదిగా ఉంది.

ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆవ ఘాటు నషాళానికి ఎక్కింది. చిన్నప్పుడు జ్వరం తగ్గి నోరు చేదుగా ఉంటే, పిన్ని ఈ కూరే కలిపి ముద్దలు పెట్టేది.

"చెయ్యి తెలిసిపోతుందమ్మా," అన్నారు ఆండాళ్ గారు కళ్ళు మూసుకుని నములుతూ. "మనవాళ్ళ చెయ్యి. ఆ లైను మనిషి డబ్బా తిన్నామని తెలిసిన దగ్గర్నుంచి నా మనసు మనసులో లేదనుకో. మా వారికి చెప్పనే లేదు. ఆ డబ్బాలు కూడా పనిమనిషికి ఇచ్చేశాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ కూరలో ఏదో నీచు వాసన ఉండేది. అప్పుడు తెలీలేదు. దానికీ దీనికీ ఎంత తేడా ఉందో చూడు!"

ఇంకో ముద్ద కలిపి ఎత్తారు.

చూసేవాళ్ళు నోరెత్తకూడదు. ఈ నియమం రాజశ్రీ ఇలాంటి గదుల్లోనే కాదు, మూడేళ్ళుగా అన్ని చోట్లా పాటిస్తూ వచ్చింది. ఆఫీసులో పాటించింది, ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళ ముందు పాటించింది, మజ్జిగ గ్లాసుల ముందు పాటించింది. ఇప్పుడు ఆ నీచు వాసన అన్న మాట మాత్రం మింగుడు పడలేదు.

"తేడా ఏమీ లేదండి," అంది.

"ఏమిటమ్మా?"

"ఇది ఆవిడ చెయ్యే. అదే కత్తి, అదే పొయ్యి, అదే మనిషి. పేరు మార్చింది నేను. ఆ ఫోటోలో మణికట్టు మీద యాసిడ్ మచ్చ ఉండాలి. దాన్ని చెరిపింది కూడా నేనే."

ఆండాళ్ గారు నవ్వబోయారు. నవ్వు సగంలోనే ఉండిపోయింది.

"ఆవిడ పేరు అప్పలకొండ. మా అమ్మకి సొంత చెల్లెలు. మీరు మొన్న అడిగారు కదండీ, మీదెక్కడని. మాది ఆ లైనే. నేను అక్కడే పుట్టాను."

కూలరు హోరుమంటోంది. బల్ల మీద ఫోనులో ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. ఎడమ చేత్తో ఒక్కసారి తాకితే రికార్డింగు ఆగిపోతుంది, ఈ మాటలు ఈ గదిలోనే ఉండిపోతాయి. ఆపకపోతే రేపటికి ఉద్యోగం ఉంటుందో ఉండదో, పిన్నికి ఆ ఏడు డబ్బాలైనా మిగులుతాయో లేదో ఆమెకి తెలీదు. ఎడమ చెయ్యి చాపింది. ఫోనుని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"నువ్వు కూడా విను మనోజ్," అంది. "ఆ దీపం బటన్ నేను యాప్‌లో పెట్టను. అన్నపూర్ణ పేరు ఇవాళే తీసేస్తున్నాను. అప్పలకొండ పేరుతో వంటిల్లు ఉంచుతావో, మూసేస్తావో, ఆ మాట నువ్వే ఆ లైనుకి వెళ్ళి ఆవిడతో చెప్పు. నేను చెప్పను."

తెర మీద యాప్ తన వేళకి తను పలికింది. డబ్బా అందిన పావుగంటకి వచ్చేలా రాజశ్రీయే పెట్టిన ప్రశ్న: భోజనం ఎలా ఉంది? దాని కింద అయిదు ఖాళీ చుక్కలు, వేలు కోసం ఎదురుచూస్తూ.

ఆండాళ్ గారి చెయ్యి ముద్దతో సహా కంచానికీ నోటికీ మధ్య ఆగిపోయింది. వేళ్ళ సందుల్లోంచి మెతుకులు ఒకటొకటిగా కంచంలో పడుతున్నాయి.

రాజశ్రీ ఆ వేళ్ళ వంక చూడలేదు. ఆవిడ కళ్ళలోకే చూస్తూ, తన కంచంలో ఇంకో ముద్ద కలుపుకుంది.